నీరు పల్లమెరుగు

మా ఇంటి పెరట్లో ఈశాన్యం మూల పల్లం. 2012లో ఈ ఇల్లు కొన్నప్పుడు ఫోటోలు చూసి మా అత్తగారు చాలా సంతోషించారు. ఈశాన్యం పల్లంగా ఉండి, అక్కడ నీరుంటే ఇంటికి మంచిదని వాస్తు చెబుతుందట. మంచి సంగతి నాకు తెలియదు గాని, నీరు మాత్రం నిలిచింది. ఏటా మార్చిలో మంచు కరిగేసరికి ఆ మూల ముప్ఫై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పున ఒక చిన్న చెరువు వెలిసేది. పైన రెండంగుళాల మట్టి కరిగినా కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి, ఆ నీరు ఇంకే దారి లేదు. పగలు నీళ్ళు, తెల్లారేసరికి అద్దంలాంటి మంచుగడ్డ. ఏప్రిల్లో బురద. మే నెలలో గడ్డి కోసే మిషను చక్రాలు అందులో దిగబడేవి. జూన్‌లో దోమలు.

మేముండేది ఒహాయో రాష్ట్రంలో వాయవ్య మూల, టొలెడో నగరానికి దక్షిణంగా ఉన్న ఒక శివారులో. 2019 వసంతంలో ఇక్కడ వానలు తెరిపి లేకుండా కురిశాయి. మా చుట్టుపక్కల చాలామంది రైతులు ఆ ఏడు విత్తనమే వేయలేకపోయారు. మా పెరటి చెరువు జూన్ దాకా ఎండలేదు. ఒక బాతుల జంట వచ్చి కాపురం పెట్టింది. అయిదేళ్ళ మా అబ్బాయికి అది పండగ. మా ఆవిడకు మాత్రం వాడు ఎప్పుడు అందులో దిగుతాడో అని బెంగ. నీళ్ళు బేస్‌మెంటు గోడ దాకా వస్తాయేమో అని నా బెంగ.

చివరికి ఒక కాంట్రాక్టరును పిలిచాం. ఆయన బూటు మడమతో నేలను రెండు పోట్లు పొడిచి చూసి, "ఫ్రెంచ్ డ్రెయిన్ వేయాలి" అన్నాడు. పొడుగ్గా కందకం తవ్వి, అడుగున కంకర పోసి, చిల్లులున్న నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టం పెట్టి, చుట్టూ మట్టి దూరకుండా గుడ్డ చుట్టి, వందడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇచ్చి, నీళ్ళను వెనక సరిహద్దు దాకా తీసుకెళ్ళి వదిలేస్తానన్నాడు. నాలుగు వేల ఎనిమిది వందల డాలర్లు. అతను వెళ్ళాక మా ఆవిడ అడిగింది: "ఫ్రాన్సు నుంచి తెప్పిస్తారా ఏమిటి, అంత ఖరీదు?"

ఆ ఆదివారం కైకలూరులో ఉన్న మా నాన్నకు ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి కూడా చెప్పాను. ఆయన జీవితమంతా కొల్లేటి అంచున వ్యవసాయం చేసిన మనిషి. అంతా విని, "బాగానే ఉందిరా. ఆ నీళ్ళు ఎవరి చేలోకి వదుల్తావు?" అన్నారు.

ఇక్కడ చేలు లేవు, ఇళ్ళేనని నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు రాలేదు. మా ఆవిడ ప్రశ్నకు, మా నాన్న ప్రశ్నకు జవాబులు వెతుక్కుంటూ ఆ వేసవిలో మా ఊరి లైబ్రరీ చుట్టూ తిరిగాను. అక్కడ తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ఫ్రెంచి అంటే ఫ్రాన్సు కాదు

ముందు మా ఆవిడ ప్రశ్న. ఫ్రెంచ్ డ్రెయిన్‌కీ ఫ్రాన్సుకీ సంబంధం లేదు. ఫ్రెంచ్ అన్నది ఒక మనిషి ఇంటిపేరు. హెన్రీ ఫ్లాగ్ ఫ్రెంచ్ 1813లో న్యూ హాంప్‌షైర్‌లో పుట్టాడు. వృత్తికి న్యాయవాది, జడ్జిగా కూడా చేశాడు. మనసంతా వ్యవసాయం మీద. 1859లో పొలాల మురుగునీటి పారుదల మీద ఒక పెద్ద పుస్తకం రాశాడు. భూమి లోపలి నీటిని గొట్టాలతోను, రాళ్ళు నింపిన కందకాలతోను ఎలా బయటికి తీయాలో అందులో వివరించాడు. ఇదంతా తాను కనిపెట్టానని ఆయన అనలేదు. కందకం తవ్వి, రాళ్ళు పోసి, మట్టి కప్పే పద్ధతి రెండు వేల ఏళ్ళ కిందట రోమన్ రచయితలు కేటో, కొలుమెల్లా రాసినదే. అయినా అమెరికాలో ఆ కందకానికి ఈయన పేరు అంటుకుపోయింది.

ఈయన కొడుకు డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్. ఆ పేరు తెలియకపోయినా ఆయన చేసిన పని మనలో చాలామంది చూశాం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే వాషింగ్టన్ తీసుకెళ్ళి లింకన్ విగ్రహం ముందు నిలబెట్టి ఫోటో తీస్తాం కదా, ఆ విగ్రహశిల్పి ఆయనే. 1922లో ఆవిష్కరించిన ఆ స్మారక మందిరం ఉన్న నేల కూడా ఒకప్పుడు పొటోమాక్ నది ఒడ్డు బురదే. నది అడుగు నుంచి తవ్వి తీసిన మట్టితో మెరక చేసిన చోటు అది. తండ్రి తడి నేలను ఆరబెట్టడం గురించి రాస్తే, కొడుకు విగ్రహం అలా ఆరబెట్టిన నేల మీదే కూర్చుంది.

గిన్నెలు పాతిపెట్టిన మనిషి

అయితే ఫ్రెంచ్ పుస్తకం రాయడానికి ముందే ఆ పని చేసి చూపించినవాడు ఇంకొకడున్నాడు. అతనూ మనలాగే వలస వచ్చినవాడే. జాన్ జాన్‌స్టన్ స్కాట్లండ్ నుంచి 1821లో న్యూయార్క్ రాష్ట్రానికి వచ్చి, జెనీవా అనే ఊరి దగ్గర సెనెకా సరస్సు పక్కన పొలం కొన్నాడు. ఒండ్రు జిగట నేల. చలికాలం మంచు కరిగాక నెలల తరబడి తడి ఆరేది కాదు. చలి దేశాల్లో తడి నేలతో వచ్చే చిక్కు వేళ్ళు కుళ్ళటం ఒక్కటే కాదు. మట్టికంటే నీరు వేడెక్కడానికి చాలా ఎక్కువ వేడి కావాలి. అందుకని తడి పొలం వసంతంలో ఆలస్యంగా వేడెక్కుతుంది, విత్తనం ఆలస్యమవుతుంది, అసలే పొట్టిదైన పంటకాలం ఇంకా పొట్టిదవుతుంది.

స్కాట్లండ్‌లో ఇలాంటి పొలాల కింద కాల్చిన మట్టి పెంకులు పరచి నీటిని తీసేయడం జాన్‌స్టన్ చూశాడు. 1835లో అక్కడి నుంచి నమూనా పెంకులు తెప్పించాడు. 1838లో పక్క ఊరి కుమ్మరి చేత అలాంటివే చేయించి పొలంలో పాతాడు. వాటిని ఇక్కడ 'టైల్' అంటారు. మనకు టైల్ అనగానే బాత్‌రూమ్ నేల గుర్తొస్తుంది గాని, ఇవి మొదట్లో మన గూన పెంకుల్లా సగం గుండ్రంగా, బోర్లించినట్టుగా ఉండేవి. తర్వాత అడుగు పొడవున్న గుండ్రటి గొట్టాలయ్యాయి. ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే, రెండింటి మధ్య సందుల్లోంచి నీరు లోపలికి దిగి, వాలు వెంబడి పోతుంది.

జాన్‌స్టన్ పిచ్చివాడై గిన్నెలూ చట్టులూ భూమిలో పాతిపెడుతున్నాడని ఇరుగుపొరుగు నవ్వారని చెబుతారు. అతని గోధుమ దిగుబడి కొన్ని రెట్లు పెరగడం చూశాక ఆ నవ్వినవాళ్ళే వచ్చి పాఠం నేర్చుకున్నారు. 1848లో ఇంగ్లండ్ నుంచి పెంకులు చేసే యంత్రం దిగాక వాటి ధర పడిపోయి, పద్ధతి ఊరూరా పాకింది. అమెరికాలో టైల్ పద్ధతికి ఆద్యుడిగా అతని పేరే చెబుతారు. అతనున్న ఇల్లు ఇప్పుడు ఈ మట్టి గొట్టాల మ్యూజియం. 1880లో అతను చనిపోయేనాటికి ఆ గొట్టాలు మా ప్రాంతపు రూపురేఖలనే మార్చేస్తున్నాయి.

నల్ల చిత్తడి

ఇల్లు కొన్నప్పుడు స్కూళ్ళ రేటింగులు చూశాను, పన్నులు చూశాను, ఆఫీసు ఎన్ని నిమిషాలో చూశాను. ఈ నేల అంతకుముందు ఏమిటో అడగాలని తోచలేదు. మా పెరటి పల్లానికి 'గ్రేట్ బ్లాక్ స్వాంప్' అని పెద్ద పేరొకటి ఉందని 2019 దాకా నాకు తెలియదు.

మంచుయుగం చివర, సుమారు 14,000 ఏళ్ళ కిందట, హిమానీనదాలు కరిగి వెనక్కి తగ్గినప్పుడు ఇక్కడ ఒక పెద్ద సరస్సు నిలిచింది. ఆ సరస్సు తగ్గిపోగా మిగిలినది ఇప్పటి ఈరీ సరస్సు. తగ్గినచోట అడుగున పేరుకున్న జిగట మట్టి పళ్ళెంలా చదునుగా బయటపడింది. నీరు పైనుంచి జారదు, కిందికి ఇంకదు. అలా టొలెడో ప్రాంతం నుంచి ఇండియానాలోని ఫోర్ట్ వేన్ దాకా, సుమారు వంద మైళ్ళ పొడవు, పాతిక మైళ్ళ వెడల్పున చిత్తడి అడవి పెరిగింది. ఎల్మ్, యాష్, ఓక్ చెట్లు ఎండ నేలకు తగలనంత దట్టంగా ఉండేవట.

ఇది ఎవరికీ అక్కరలేని నేల కాదు. ఇక్కడి మామీ నది ఒడ్డున ఒడావా జాతివాళ్ళ ఊళ్ళుండేవి. చిత్తడి వాళ్ళకు వేట దొరికే చోటు. శత్రువు రాలేని చోటు కూడా. 1794లో ఫాలెన్ టింబర్స్ యుద్ధంలో అమెరికా సైన్యం ఇక్కడి జాతుల కూటమిని ఓడించింది. 1817 ఒప్పందంతో ఒహాయో వాయవ్య భాగం చాలావరకు ప్రభుత్వం చేతికి వచ్చింది. 1830లలో ఒడావాలను మిసిసిపీ అవతలికి పంపేశారు. ఆరబెట్టిన కథ చెప్పుకునేటప్పుడు ఎవరి నేలను ఆరబెట్టారో కూడా చెప్పుకోవాలి.

కొత్తగా వచ్చినవాళ్ళకు మాత్రం ఈ చిత్తడి నరకమే. 1812 యుద్ధంలో జనరల్ హల్ సైన్యం దీన్ని దాటి డెట్రాయిట్ చేరడానికి నానా అవస్థలు పడింది. తర్వాత పెరిస్‌బర్గ్ నుంచి ఇప్పటి ఫ్రీమాంట్ దాకా 31 మైళ్ళ రోడ్డు వేశారు. ఆ దారిలో మైలుకొకటి చొప్పున 31 సత్రాలుండేవని స్థానిక చరిత్రలు చెబుతాయి. బండి రోజుకు మైలు కదిలితే అదే గొప్ప అన్నమాట! ఇప్పుడు అది అమెరికా 20వ నంబరు రహదారిలో భాగం. మా ఇండియన్ స్టోరుకు నేను ఆ రోడ్డు మీదే వెళతాను.

బురదకంటే పెద్ద బాధ చలిజ్వరం. వేసవి చివర ఇంట్లో సగంమంది వణుకుతూ పడుకోవడం మామూలే. క్వినైన్ లేని ఇల్లు లేదు. చిత్తడి మీంచి లేచే చెడుగాలే జ్వరానికి కారణమని అందరూ నమ్మారు. మలేరియా అన్న మాటకు అర్థమే చెడుగాలి. అసలు కారణం తేలింది మన దగ్గర. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అప్పటికి ఒహాయోవాళ్ళు చిత్తడిని దాదాపు ఆరబెట్టేశారు, జ్వరాలూ బాగా తగ్గాయి. గాలి గురించి వాళ్ళు పొరబడ్డారు గాని, నీరు తీస్తే జ్వరం పోతుందన్న లెక్క మాత్రం సరిపోయింది.

చిత్తడిని చిత్తడి మట్టితోనే

1850లో అమెరికా కాంగ్రెసు చేసిన చిత్తడి నేలల చట్టం, దానికి ఏడాది ముందు లూసియానాకు చేసిన చట్టం, ఈ రెండింటి ఉద్దేశం ఒకటే: ముంపు భూములను రాష్ట్రాలకు ఇచ్చేస్తే, వాళ్ళు అమ్మి ఆ డబ్బుతో కాలవలు తవ్వి సాగులోకి తెస్తారు. ఈ కింద మొత్తం ఆరున్నర కోట్ల ఎకరాల దాకా రాష్ట్రాలకు వెళ్ళింది. ఒహాయో 1859లో ఇంకో అడుగు ముందుకు వేసింది. పదిమంది పొలాల మీదుగా పోయే మురుగు కాలవను కౌంటీ తవ్వించి, లాభపడేవాళ్ళందరి దగ్గరా ఖర్చు వసూలు చేసే చట్టం చేసింది. ఒక్కడే తన పొలం ఆరబెట్టుకోలేడని, నీరు పక్కవాడి పొలం మీదుగానే పోవాలని ఆ చట్టానికి బాగా తెలుసు.

తర్వాత నలభై ఏళ్ళలో ఈ అడవి మాయమైంది. జర్మనీ నుంచి వచ్చిన వలసదారులు ఎందరో పారలతో కాలవలు తవ్వారు. గొట్టాలు చేయడానికి మట్టి కావాలి, అది కాళ్ళ కిందే ఉంది. కాల్చడానికి కట్టెలు కావాలి, అవి తలల మీదే ఉన్నాయి. చిత్తడి మట్టిని చిత్తడి చెట్లతో కాల్చి చేసిన గొట్టాలతోనే చిత్తడిని ఆరబెట్టారు. 1894లో ఇక్కడి బౌలింగ్ గ్రీన్ ఊరివాడు జేమ్స్ హిల్ కందకాలు తవ్వే ఆవిరి యంత్రానికి పేటెంటు తీసుకున్నాక మనిషి నడుం నొప్పి కూడా తగ్గింది. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి ఇది దేశంలోని మంచి పంట భూముల్లో ఒకటి.

మా వెనకింటి పెద్దాయనకు ఎనభై దాటాయి. మా లేఅవుట్ అంతా ఒకప్పుడు వాళ్ళ నాన్నగారి పొలం. నా తవ్వకం ఆలోచన చెబుదామని వెళితే, ఆయన గరాజులోంచి ఒక ఎర్రటి గొట్టం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అడుగు పొడవు, మన కూజా మెడంత లావు. మీద ఎవరివో వేళ్ళ గుర్తులున్నాయి. "మీ పెరటి కింద ఇవి ఉండేవి. మీ ఇళ్ళకు బేస్‌మెంట్లు తవ్వినప్పుడు ఆ వరసను ఎక్కడో తెంచేశారు" అన్నాడు. అంటే మా ఈశాన్యం చెరువు కొత్తగా పుట్టింది కాదు. వందేళ్ళు గొట్టంలో నడిచిన నీరు దారి తెగగానే పాత చోటికి వచ్చి కూర్చుంది. 'నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు' అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే గమనించాను. కాంట్రాక్టరు వేస్తానన్న గొట్టం తెరుచుకునేది సరిగ్గా ఆయన బేస్‌మెంటు వైపు. ఆయన ఇల్లు మాకంటే అడుగున్నర పల్లం. మా నాన్న అడిగిన చేను నా కళ్ళముందే ఉంది.

కాచి చల్లార్చినా లాభం లేని నీళ్ళు

ఇక్కడ అయిదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 2014 ఆగస్టు 2, శనివారం. మా అబ్బాయికి అప్పుడు నాలుగు నెలలు. పురుడు పోయడానికి వచ్చిన మా అమ్మ ఇంట్లోనే ఉంది. తెల్లవారుజామున ఫోన్లు మోగాయి: టొలెడో నీళ్ళు తాగొద్దు. మా శివారుకూ ఆ నీళ్ళే. ఈరీ సరస్సులో పెరిగిన నీలి ఆకుపచ్చ నాచు వదిలే మైక్రోసిస్టిన్ అనే విషం శుద్ధి చేసిన నీటిలో కనిపించింది. సుమారు అయిదు లక్షల మందికి కుళాయి నీళ్ళు పనికిరాకుండా పోయాయి.

అమ్మ కంగారు పడలేదు. "దానికేముంది, కాచి చల్లార్చి వడబోస్తే సరి" అంది. కలరా రోజుల నుంచి కొల్లేటి ఊళ్ళను కాపాడిన మందు అది. నేను ఫోన్లో మళ్ళీ చదివి చెప్పాల్సి వచ్చింది: కాచకూడదు. కాస్తే నీరు ఆవిరైపోయి విషం ఇంకా చిక్కబడుతుంది. కాచినా పనికిరాని నీళ్ళుంటాయంటే అమ్మ నమ్మలేదు. పొయ్యి మీద పెట్టిన గిన్నె దించడానికి ఆమెకు మనసు ఒప్పలేదు. నేను కారేసుకుని ఉత్తరంగా మిషిగన్ దాకా వెళ్ళి, మూడో ఊళ్ళో వరసలో నిలబడి రెండు కేసుల నీళ్ళ సీసాలు తెచ్చాను. సోమవారం, ఆగస్టు 4న ఆంక్ష ఎత్తేశారు. పసివాడి పాలపొడి కలపడానికి ఇంకో నెల దాకా సీసా నీళ్ళే వాడాం.

అప్పుడు నేను దీన్ని సరస్సుకు వచ్చిన జబ్బు అనుకున్నాను. 2019లో చదివాక, కథ మా పొలాల కింద మొదలైందని అర్థమైంది. ఈరీ సరస్సు పడమటి భాగం చాలా లోతు తక్కువ, సగటున పాతిక అడుగుల లోపే. త్వరగా వేడెక్కుతుంది. మామీ నది తెచ్చే భాస్వరం దానికి తోడైతే నాచుకు విందు భోజనం. ఆ భాస్వరంలో ఎక్కువ భాగం పొలాల్లో వేసే ఎరువుల నుంచి, పశువుల పేడ నుంచి వస్తుంది. ఒకప్పుడు వాన నీరు చిత్తడిలో వారాల తరబడి ఆగేది. ఆగినప్పుడు మట్టి అడుగుకు చేరేది, మొక్కలు కొంత పోషకాన్ని పీల్చుకునేవి. మన ఒంట్లో మూత్రపిండాలు చేసే పని అది. ఇప్పుడు ఆ నీరు గొట్టంలో పడి, కాలవలో పడి, గంటల్లో నదికి చేరుతోంది, కరిగిన భాస్వరంతో సహా.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక జబ్బుంది. బగ్‌ను సరిచేశామని మూసేస్తాం. నిజానికి అది పక్కవాళ్ళ మాడ్యూల్లోకి జరిగి ఉంటుంది. ఆరు నెలల తర్వాత వాళ్ళు అర్ధరాత్రి లేచి వెతుక్కుంటారు. నల్ల చిత్తడి కథ నాకు అలాగే కనిపించింది. ఆరబెట్టినవాళ్ళను తప్పుపట్టలేను. పిల్లలు జ్వరంతో వణుకుతుంటే నేనైనా పార పట్టేవాణ్ణి. కాని నీరు మాయం కాలేదు. చేను మారింది, అంతే.

1780లకూ 1980లకూ మధ్య అలాస్కా, హవాయి కాక మిగిలిన అమెరికా తన చిత్తడి నేలల్లో సగానికి పైగా, 53 శాతం పోగొట్టుకుంది. ఒహాయో అయితే 90 శాతం. 1972 స్వచ్ఛజల చట్టంతో గాలి కొంత మారింది. 1985 వ్యవసాయ చట్టం చిత్తడిని కొత్తగా దున్నేవాళ్ళకు ప్రభుత్వ సాయం ఆపేసింది. అంటే ఆరబెట్టమని భూములు పంచిన ప్రభుత్వమే 135 ఏళ్ళ తర్వాత ఆరబెట్టొద్దంది. 2019 నుంచి ఒహాయో ప్రభుత్వం డబ్బు పెట్టి చిత్తడి నేలలను తిరిగి తయారు చేయిస్తోంది. మరోపక్క 2023లో సుప్రీం కోర్టు తీర్పుతో కేంద్ర చట్టం కిందికి వచ్చే చిత్తడి నేలలు బాగా తగ్గిపోయాయి. లెక్క ఇంకా తేలలేదు.

మా చేను, మా బాబాయి చేను

మా నాన్న ప్రశ్న వెనక ఒక కథ ఉంది. 1986 ఆగస్టు వరదలప్పుడు నాకు ఏడేళ్ళు. మా బాడవలో నీళ్ళు నడుం లోతు నిలిచాయి. ఒక రాత్రి నాన్న పార తీసుకెళ్ళి గట్టుకు గండి కొట్టారు. తెల్లారేసరికి మా నారు తేలింది, మా బాబాయి నారు మునిగింది. అన్నదమ్ములు మూడేళ్ళు మాట్లాడుకోలేదు. మా నానమ్మ రెండిళ్ళ మధ్య తిరుగుతూ ఆ మూడేళ్ళూ గడిపింది. తర్వాత మాటలు కలిశాయి గాని, ఆ గట్టు మీద వాళ్ళిద్దరూ కలిసి నడవటం నేను చూడలేదు. "ఎవరి చేలోకి వదుల్తావు" అని ఆయన నన్ను అడగలేదేమో, తనను తాను అడుగుకున్నారేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

కొల్లేరుదీ ఇదే పాఠం. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఆ పళ్ళెం బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు మీదుగా మెల్లగా సముద్రానికి వదులుతుంది. చేపల చెరువుల గట్లు ఆ పళ్ళెంలోకి పాకాక, 2006లో ప్రభుత్వం వందల గట్లను పేల్చి తీసేయాల్సి వచ్చింది. ఆ చెరువుల మీద బతికినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. వాళ్ళ కష్టమూ అబద్ధం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, నీటికి దాని చోటు వదలాలన్న మాట మళ్ళీ అందరి నోటా వినిపించింది.

చివరికి ఏం చేశాను

కాంట్రాక్టరుకు వద్దని చెప్పాను. ఒహాయోలో ఎవరి వాననీటి విషయంలోనైనా పక్కవాడికి జరిగే నష్టం సబబా కాదా అని చూడాలని రాష్ట్ర సుప్రీం కోర్టు 1980లోనే తేల్చింది. కాని నన్ను ఆపింది కోర్టు కాదు, ఆ పెద్దాయన చేతిలోని గొట్టం.

ముందు లెక్క కట్టాను. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే 620 గ్యాలన్ల పైచిలుకు నీరు. మా కప్పులో సగం నీళ్ళు వెనక గొట్టాల్లోంచి నేరుగా ఆ పల్లంలోకే పోతున్నాయి. అంటే చెరువులో సగం నేను పోసినదే! ఆ గొట్టాలను పక్క పచ్చిక మీదికి, దూరంగా మళ్ళించాను. ఇంటి గోడ దగ్గర మట్టి పోసి వాలు సరిచేశాను. 811కి ఫోన్ చేసి భూమిలో తీగలూ గ్యాసు గొట్టాలూ ఎక్కడున్నాయో గుర్తులు పెట్టించుకుని, పల్లాన్ని పూడ్చకుండా ఇంకా ఎనిమిదంగుళాలు తవ్వాను. అడుగున జిగటమట్టిని రెండడుగుల లోతు వదులు చేసి కంపోస్టు కలిపాను. తడినీ చలినీ ఓర్చుకునే ఈ నేల మొక్కలే వేశాం: స్వాంప్ మిల్క్‌వీడ్, నీలి ఐరిస్, కార్డినల్ ఫ్లవర్, బటన్‌బుష్. ఇక్కడ దీన్ని రెయిన్ గార్డెన్ అంటారు.

మొదటి ఏడు సగం మొక్కలు చచ్చిపోయాయి. మా అత్తగారు తప్ప ఎవరూ మెచ్చుకోలేదు. మూడో ఏడుకు వేళ్ళు దిగాయి. ఇప్పుడు వేసవి వానకు నిలిచిన నీరు రెండు రోజుల్లో ఇంకుతుంది. గుడ్డు నుంచి దోమ పైకి రావడానికి వారం దాకా పడుతుంది కాబట్టి దోమల బాధ తగ్గింది. మార్చిలో మాత్రం నేల గడ్డకట్టి ఉన్నంతకాలం చెరువు చెరువే. దానికి మందు లేదు. ఆ చలికి దోమలూ లేవు. పెద్దాయన బేస్‌మెంటు పొడిగానే ఉంది.

2022 వేసవిలో మా నాన్న వచ్చారు. వెనకింటి పెద్దాయన కంచె దగ్గరికి వచ్చి మట్టి గొట్టం చూపించాడు. ఇద్దరికీ భాష కలవదు. నాన్న దాన్ని తిప్పి చూసి, వేళ్ళ గుర్తుల మీద తన వేళ్ళు పెట్టి, ఒక చివర కన్ను పెట్టి రెండో చివరలోంచి చూశారు. "ఈయన్నడుగు, కాలవ తవ్వేటప్పుడు అన్నదమ్ములు పోట్లాడుకునేవాళ్ళా అని" అన్నారు నాతో. అడిగాను. పెద్దాయన చాలాసేపు నవ్వి, వాళ్ళ తాతకూ ఆయన తమ్ముడికీ ఒక కాలవ గురించి పదేళ్ళు మాటల్లేవని చెప్పాడు.

నాన్న నవ్వలేదు. కాసేపు ఆ పల్లంకేసి చూసి, "దీన్ని మేం బాడవ అంటామని చెప్పు" అన్నారు. చెప్పాను. పెద్దాయన రెండు మూడుసార్లు ఆ మాట పలకడానికి ప్రయత్నించాడు. ఇప్పటికీ వాన పడ్డ మర్నాడు కంచె మీంచి కేకేసి అడుగుతాడు, మీ బాడవ ఎలా ఉంది అని.